కౌన్సిల్‌మన్ కన్ను, బౌమన్ క్యాలెండర్

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 7 స్వర్ణాలు గెలిచిన మార్క్ స్పిట్జ్, 2008 బీజింగ్‌లో 8 గెలిచిన మైకేల్ ఫెల్ప్స్ మన పాఠకులకు తెలిసిన పేర్లే. ఒడ్డున నిలబడ్డవాళ్ల పేర్లు మాత్రం అంతగా తెలియవు. స్పిట్జ్ కాలేజీ రోజుల్లో అతని కోచ్ జేమ్స్ కౌన్సిల్‌మన్. ఫెల్ప్స్‌ను 11వ ఏట నుంచి తీర్చిదిద్దింది బాబ్ బౌమన్. ఇద్దరూ తాము నేర్చుకున్నది పుస్తకాల్లో పెట్టారు. కౌన్సిల్‌మన్ 'ది సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్' 1968లో వచ్చింది. బౌమన్ 'ది గోల్డెన్ రూల్స్' చార్లెస్ బట్లర్‌తో కలిసి రాసింది, 2016లో వచ్చింది. ఈ రెండు పుస్తకాలనూ, వాటి వెనకున్న రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషిని పోటీకి ఎలా తయారుచేయాలన్న ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులు దొరుకుతాయి.

పుస్తకాల తీరే వేరు. కౌన్సిల్‌మన్ పేజీల్లో నీటి అడుగున తీసిన ఫొటోలు వరసగా కనిపిస్తాయి. చెయ్యి నీళ్లలోకి దిగుతుంది, మోచెయ్యి వంగుతుంది, అరచెయ్యి తుంటి పక్కనుంచి బయటికి వస్తుంది. ఒక్క బారను అన్ని ముక్కలు చేసి చూపిస్తారాయన. బౌమన్ పుస్తకంలో అలాంటి బొమ్మలకు చోటు లేదు. అక్కడున్నవి పది సూత్రాలు: పెద్ద కల కనాలి, దాన్ని చిన్న లక్ష్యాలుగా విడగొట్టుకోవాలి, ప్రతిరోజూ దానికోసమే బతకాలి, ఎదురుదెబ్బను కూడా వాడుకోవాలి. ఇవి జీవితానికీ ఉద్యోగానికీ పనికొస్తాయని పుస్తకం ఉపశీర్షికే చెబుతుంది. ఒకటి కోచ్‌ల పాఠ్యగ్రంథం, మరొకటి విమానాశ్రయంలో కొనుక్కునే పుస్తకం అని తేల్చేయడం సులువు. కానీ అది అన్యాయం. బౌమన్ రాసిన ప్రతి సూత్రం వెనకా తెల్లవారుజామున నీళ్లలోకి దిగిన వేల గంటలున్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కౌన్సిల్‌మన్ సిద్ధాంతాల్లో బాగా పేరుపడ్డ ఒకటి కాలానికి నిలవలేదు, అయినా ఆయన పద్ధతి నిలిచింది. బౌమన్ సూత్రాలకు పతకాల రుజువు ఉంది, అయినా ఆయన దగ్గర నేర్చుకోవాల్సిన అతి ముఖ్యమైన విషయం ఆ సూత్రాల జాబితాలో దొరకదు. అది ఆయన మారిన తీరులో ఉంది. ఆ మార్పు ఆయన్ను కౌన్సిల్‌మన్‌కు దగ్గర చేసింది.

కౌన్సిల్‌మన్ 1920లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపారు. తిరిగొచ్చి చదువు కొనసాగించి అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకున్నారు. అందుకే ఈత లోకంలో అందరికీ ఆయన 'డాక్'. న్యూయార్క్ రాష్ట్రంలోని కోర్ట్‌లాండ్ అనే చిన్న కాలేజీలో పనిచేస్తున్నప్పుడు ఆయన చేతికి జార్జ్ బ్రీన్ వచ్చాడు. కాలేజీకి వచ్చేదాకా ఈత పోటీల ముఖమే చూడని కుర్రాడు. పైగా అతని కాళ్ల కదలిక అప్పటి పద్ధతికి బొత్తిగా విరుద్ధం. రెండు చేతులూ ఒకసారి తిరిగేలోపు కాళ్లు ఆరుసార్లు కొట్టాలని కోచ్‌లందరూ నేర్పుతున్న కాలంలో బ్రీన్ రెండుసార్లే కొట్టేవాడు. ఇంకో కోచ్ అయితే ముందు ఆ అలవాటు మాన్పించేవాడు. కౌన్సిల్‌మన్ దాన్ని అలాగే ఉంచి, అది ఎందుకు పనిచేస్తోందో గమనించారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల హీట్‌లో బ్రీన్ ప్రపంచ రికార్డు పెట్టాడు, ఫైనల్లో కాంస్యం గెలిచాడు.

నాకు కౌన్సిల్‌మన్ గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి పుస్తకంతో సరిపోలకపోతే ఆయన పుస్తకాన్ని అనుమానించారు.

1957లో ఇండియానా విశ్వవిద్యాలయానికి వెళ్లి 1990 దాకా అక్కడే ఉన్నారు. కెమెరాను నీళ్లలోకి దింపి ఈతగాళ్లను కింద నుంచి చిత్రించడం ఆయన నిత్యకృత్యం. అప్పటిదాకా అందరూ నమ్మిన మాట ఒకటుంది: ఫ్రీస్టైల్‌లో చేతిని తిన్నగా, తెడ్డులా వెనక్కి లాగాలి. ఛాంపియన్లు కూడా తాము అలాగే చేస్తున్నామనుకునేవాళ్లు. ఫిల్ములో చూస్తే వాళ్ల మోచేతులు వంగుతున్నాయి, అరచేతులు పక్కలకు తిరుగుతూ వంపు గీత గీస్తున్నాయి. గొప్ప ఈతగాళ్లు తమకు తెలియకుండానే సరైన పని చేస్తున్నారు; వాళ్లను చూసి నేర్పేవాళ్లు మాత్రం తప్పు నేర్పుతున్నారు. ఆ వంపుకు ఆయన మొదట చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. ఒకసారి వెనక్కి కదిలిన నీళ్లను మళ్లీ తోస్తే పట్టు దొరకదు, కదలని నీళ్లను వెతుక్కుంటూ చెయ్యి పక్కకు జరగాలి.

ఆ తర్వాత 1971లో ఆయన ఇంకో అడుగు వేశారు. విమానం రెక్కను గాలి పైకి లేపినట్టు, వంపుగా కదిలే అరచేతిని నీళ్లు ముందుకు లాగుతాయని, బెర్నౌలీ సూత్రమే దీనికి ఆధారమని ప్రతిపాదించారు. యుద్ధంలో విమానం నడిపిన మనిషికి రెక్క గుర్తుకు రావడం సహజమే. ఒక తరం కోచ్‌లు దాన్ని వేదవాక్కుగా తీసుకుని, పిల్లలచేత నీళ్లలో పెద్ద పెద్ద వంపులు గీయించారు. తర్వాతి పరిశోధన ఆ సిద్ధాంతానికి అంత బరువు ఇవ్వలేదు. ఈతగాడిని ముందుకు నెట్టేది ప్రధానంగా వెనక్కి తోసిన నీటి నిరోధమేనని తేలింది. రెక్క సిద్ధాంతాన్ని గట్టిగా ప్రచారం చేసిన ఎర్నెస్ట్ మాగ్లిస్కో కూడా తన పుస్తకంలో అభిప్రాయం మార్చుకుని రాశారు. ఇవాళ పోటీ ఈతలో నేర్పేది మోచెయ్యి ఎత్తుగా పెట్టి, ముంజేతినీ అరచేతినీ కలిపి వీలైనంత తిన్నగా వెనక్కి తోయడం.

ఇది కౌన్సిల్‌మన్ ఓటమి అని నేననుకోను. మోచెయ్యి వంగుతుందని చూసింది ఆయన కెమెరానే. ఆయన్ను సరిదిద్దినవాళ్లు కూడా నీటి అడుగున కెమెరాలు పెట్టి, కొలిచి, లెక్కగట్టి సరిదిద్దారు. అంటే ఆయన పద్ధతితోనే ఆయన సిద్ధాంతాన్ని దాటారు. మొదటి పుస్తకంలో రాసినదానికి తనే మూడేళ్లలో కొత్త వివరణ వెతికారు, 1994లో కొడుకు బ్రయాన్‌తో కలిసి 'ది న్యూ సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్' అని మళ్లీ రాశారు. తప్పు బయటపడే వీలున్న పద్ధతిలో పనిచేసే కోచ్ దగ్గర శిష్యులకు భద్రత ఎక్కువ.

శాస్త్రం మాట చెప్పి ఆయన్ను ప్రయోగశాల మనిషిగా చూపిస్తే సగం బొమ్మే అవుతుంది. కొలను పక్కన పెద్ద సెకండ్ల ముల్లు తిరిగే గడియారం, అంటే పేస్ క్లాక్, పెట్టించినవాళ్లలో ఆయన పేరు ముందు చెబుతారు. దానితో ఈతగాడు కోచ్ ఈల కోసం చూడకుండా తన వేగాన్ని, విశ్రాంతిని తనే లెక్కపెట్టుకోగలిగాడు. సాధనలో శరీరం పడే కష్టాన్ని బాధ, నొప్పి, యాతన అని మూడు మెట్లుగా చెప్పి, మూడో మెట్టు దాకా రమ్మని అడిగిన కఠినుడూ ఆయనే. బాగా ఈదినవాళ్లకు జెల్లీ బీన్స్ మిఠాయి పంచిందీ ఆయనే. ప్రపంచ రికార్డులున్న యువకులు ఆ గుప్పెడు మిఠాయి కోసం ఒకరితో ఒకరు పందెం వేసుకునేవాళ్లంటే ఆ కొలను దగ్గర గాలి ఎలా ఉండేదో ఊహించవచ్చు. మంచి కోచ్‌కు ఉండాల్సిన ఒక గుణాన్ని ఆయన 'ఎక్స్ ఫ్యాక్టర్' అనేవారు. వంద విషయాల్లో ఈ మనిషికి ఈ రోజు ఏది ముఖ్యమో పసిగట్టడం, మిగతా వాటిని వదిలేయడం.

స్పిట్జ్ విషయంలో అది అవసరమైంది. 1968 మెక్సికోలో 6 స్వర్ణాలు గెలుస్తానని ముందే ప్రకటించి, రిలేల్లో రెండే గెలిచి, 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో అందరికంటే చివర వచ్చి, సహచరుల మధ్యే ఒంటరైన 18 ఏళ్ల కుర్రాడు ఇండియానాకు వచ్చాడు. అక్కడ అతనికి దొరికింది ఒక జట్టు. 1968 నుంచి 1973 వరకు వరసగా ఆరుసార్లు జాతీయ కాలేజీ టైటిల్ గెలిచిన జట్టు అది. రోజూ సాధనలోనే ఒలింపిక్ పతక విజేతలు పక్క లేన్‌లో ఉండేవాళ్లు. అయితే మ్యూనిక్ 7 స్వర్ణాల ఖ్యాతి కౌన్సిల్‌మన్ ఒక్కరిది కాదు. స్పిట్జ్‌ను బాల్యంలో శాక్రమెంటో దగ్గర షెర్మ్ చావూర్, తర్వాత శాంటా క్లారాలో జార్జ్ హెయిన్స్ మలిచారు. మ్యూనిక్‌లో అమెరికా పురుషుల ప్రధాన కోచ్ పీటర్ డాలండ్. కౌన్సిల్‌మన్ సొంత పంట చూడాలంటే 1976 మాంట్రియల్‌కు వెళ్లాలి. ఆయన ప్రధాన కోచ్‌గా ఉన్న ఆ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషులు 13 పోటీల్లో 12 స్వర్ణాలు గెలిచారు. మిగిలిన ఒక్కటి బ్రిటన్ ఈతగాడు డేవిడ్ విల్కీ తీసుకెళ్లాడు. 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 50 సెకన్లలోపు ఈదిన మొదటి మనిషి జిమ్ మాంట్‌గోమరీ అక్కడే 49.99 నమోదు చేశాడు. అతను ఇండియానా విద్యార్థి.

బౌమన్ కథకు వస్తే దృశ్యం పూర్తిగా మారుతుంది. 1965లో పుట్టిన ఈయన ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో మనోవికాస శాస్త్రం, సంగీత రచన చదువుకున్నారు. కౌన్సిల్‌మన్ నీళ్ల అడుగుకు దిగి చూశారు. బౌమన్ క్యాలెండర్ తెరిచారు. బాల్టిమోర్ క్లబ్బులో 11 ఏళ్ల ఫెల్ప్స్‌ను చూసి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒలింపిక్స్ మాట ఎత్తారు. నాలుగేళ్లకే, 2000 సిడ్నీలో, 15 ఏళ్ల ఫెల్ప్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ఐదో స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది అదే పోటీలో ప్రపంచ రికార్డు.

ఆ క్యాలెండర్‌లో సెలవు లేదు. మిగతావాళ్లు ఆదివారాలు మానేస్తారు, మనం మానకపోతే ఏడాదికి 52 రోజులు మనవి అన్నది బౌమన్ లెక్క. పండగలూ పుట్టినరోజులూ నీళ్లలోనే. ఏళ్ల తరబడి ఒక్కరోజు కూడా తప్పలేదని ఫెల్ప్స్ స్వయంగా చెప్పాడు. దీనితోపాటు పడుకునే ముందు, లేవగానే పందేన్ని మనసులో మొదటి నుంచి చివరిదాకా ఈదడం. అంతా సవ్యంగా జరిగినట్టు ఒకసారి, తేడా వచ్చినట్టు ఇంకోసారి. ఆస్ట్రేలియాలో ఒక పోటీకి ముందు బౌమన్ శిష్యుడి గాగుల్స్‌ను కావాలనే తొక్కి పగలగొట్టారు. బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో నిజంగానే గాగుల్స్‌లోకి నీళ్లు చేరాయి. చివరి భాగంలో గోడ కనబడక, బారలు లెక్కపెట్టుకుంటూ ఈదిన ఫెల్ప్స్ 1:52.03తో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచాడు.

ఈ సంఘటనను బౌమన్ పద్ధతికి తిరుగులేని సాక్ష్యంగా చెబుతారు. సాక్ష్యమే, ఒప్పుకుంటాను. కానీ ఆ తొక్కుడు పాఠాన్ని అందరూ అనుకరించదగ్గ ఉపాయంగా చూడలేను. దానివెనక ఏళ్ల నమ్మకం ఉండబట్టి అది పాఠమైంది. ఆ నమ్మకం లేనిచోట అదే పని చేస్తే పిల్లవాడికి మిగిలేది భయం. బీజింగ్‌లో అతన్ని కాపాడింది తన బారల లెక్క తనకు తెలిసి ఉండటం. ఒక కొలను పొడవుకు ఎన్ని బారలు పడతాయో తెలియాలంటే ప్రతిరోజూ ఒకే తీరులో, గమనించుకుంటూ ఈది ఉండాలి. క్యాలెండర్ ఒక్కటే ఉంటే ఆ లెక్క రాదు. బౌమన్ పుస్తకం క్రమశిక్షణను ముందుకు తెచ్చి, ఈ సాంకేతిక శ్రద్ధను వెనక్కి నెట్టింది. ఆయన కొలను దగ్గర చేసిన పనికి ఆయన పుస్తకం పూర్తి న్యాయం చేయలేదు.

మూల్యం మాట కూడా చెప్పుకోవాలి. లండన్ 2012కు ముందే ఫెల్ప్స్ సాధనకు ఎగనామం పెట్టడం మొదలుపెట్టాడు. కోచ్‌తో గొడవలు పెరిగాయి. అయినా 4 స్వర్ణాలు, 2 రజతాలు వచ్చాయి. ప్రతి ఒలింపిక్స్ తర్వాతా తాను కుంగుబాటులో పడ్డానని, లండన్ తర్వాత బతకాలని అనిపించలేదని అతనే తర్వాత బహిరంగంగా చెప్పాడు. 2014లో తాగి కారు నడుపుతూ పట్టుబడి, నిషేధం పడి, చికిత్సకు వెళ్లాడు. దీనికంతటికీ ఆదివారాల సాధనే కారణమనడం తొందరపాటు. మనిషి మనసు అంత సూటి లెక్క కాదు. కానీ ఏడాదికి 52 రోజులు లాభం అన్న లెక్కలో, ఆ రోజుల్లో ఒక పిల్లవాడు ఈతగాడు కాకుండా ఇంకేమై ఉండేవాడన్న పద్దు లేదు. పది మెట్లుగా రాసిన పుస్తకంలో ఆ పద్దుకు చోటు దొరకడం కష్టం. మెట్లన్నీ పైకే వెళ్తాయి కదా.

అయితే బౌమన్ అక్కడ ఆగలేదు. ఆయన మీద నా గౌరవం ఇక్కడే పెరుగుతుంది. రియోకు ముందు ఫెల్ప్స్ తిరిగొచ్చినప్పుడు ఇద్దరూ కలిసి నిర్ణయాలు తీసుకున్నారు. 31 ఏళ్ల శరీరానికి 15 ఏళ్ల నాటి క్యాలెండర్ పనికిరాదని ఒప్పుకుని విశ్రాంతికి చోటిచ్చారు. రియోలో 5 స్వర్ణాలు, ఒక రజతం.

ఆ తర్వాత లియోన్ మార్షాన్. ఫ్రాన్స్‌లోని టులూజ్ కుర్రాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒలింపిక్ ఈతగాళ్లే. బౌమన్‌కు తనే ఈమెయిల్ రాసి, 2021లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అప్పటికే 19 ఏళ్లు, ఒలింపిక్ ఫైనల్ అనుభవం, టులూజ్‌లో నికోలా కాస్టెల్ దిద్దిన ఈత, నీటి అడుగున చేపలా సాగే డాల్ఫిన్ కిక్. ఇలాంటివాడికి 11 ఏళ్ల పిల్లవాడి కోసం వేసిన ప్రణాళిక కుదరదు. బౌమన్ అతనిలో ఉన్నదాన్ని గుర్తించి, దాని మీదే కట్టారు. 2023 జులైలో ఫుకువోకాలో మార్షాన్ 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లీని 4:02.50లో ఈది, ఫెల్ప్స్ పేరు మీద మిగిలిన చివరి వ్యక్తిగత ప్రపంచ రికార్డును చెరిపేశాడు. వ్యాఖ్యాతగా ఫెల్ప్స్ అక్కడే ఉన్నాడు. 2024 పారిస్‌లో ఒకే సాయంత్రం, దాదాపు రెండు గంటల తేడాలో 200 మీటర్ల బటర్‌ఫ్లై, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ రెండూ గెలిచాడు. మొత్తం 4 వ్యక్తిగత స్వర్ణాలు. బ్రీన్ కాళ్ల కదలికను మార్చకుండా వదిలిన కౌన్సిల్‌మన్, టులూజ్ కిక్‌ను ఆసరా చేసుకున్న బౌమన్ ఇక్కడ ఒక్కచోట నిలబడతారు. 'ది గోల్డెన్ రూల్స్' ఈ ఘట్టానికి ఎనిమిదేళ్ల ముందే అచ్చయింది. ఆయన ఇంకో పుస్తకం రాస్తే అది మొదటిదాని కంటే మేలైనది కావాలి.

వీళ్లిద్దరి మధ్య తూకం వేయడానికి మూడో మనిషి ఒకరు పనికొస్తారు. డేనియల్ చాంబ్లిస్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త ఈతగాళ్ల మధ్య కొన్నేళ్లు గడిపి, కాలిఫోర్నియాలో మార్క్ షూబర్ట్ నడిపిన మిషన్ వియెహో జట్టును దగ్గరగా చూసి, 1989లో ఒక వ్యాసం రాశారు. స్థానిక పోటీల్లో ఈదేవాళ్లకూ ఒలింపిక్స్‌లో ఈదేవాళ్లకూ తేడా ఎక్కువ గంటల్లో లేదని, పనిచేసే తీరులోనే ఉందని ఆయన తేల్చారు. టర్న్ ఎలా తీసుకుంటారు, చెయ్యి ఎక్కడ దించుతారు, విసుగు పుట్టే పనిని ఏ దృష్టితో చూస్తారు, అలాంటివే. విడిగా చూస్తే ఒక్కోటీ మామూలు పనే. అన్నీ ప్రతిసారీ సరిగ్గా చేయడమే అరుదు. ఈ మాట కౌన్సిల్‌మన్‌ను పూర్తిగా సమర్థిస్తుంది, బౌమన్‌ను సగం సమర్థిస్తుంది. ప్రతిరోజూ అన్న పట్టుదల సరైనదే. కానీ రోజుల సంఖ్యను మాత్రమే అప్పు తెచ్చుకున్నవాళ్లకు బౌమన్ ఫలితం రాదు.

ఈ చివరి మాట మనకు బాగా తగులుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో కోచింగ్ అంటే ముందు గంటలు గుర్తొస్తాయి. ఆదివారం కూడా తరగతులు, పండగకూ పరీక్ష. బౌమన్ 52 రోజుల లెక్కను ఆయన కంటే ముందే అమలుచేసిన సమాజం మనది. అందువల్ల ఆయన పుస్తకం మనవాళ్లకు తేలిగ్గా ఎక్కుతుంది. అందులో మనకు ఇప్పటికే ఉన్న రోగానికి సమర్థన దొరుకుతుంది. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో అంతర్జాతీయ ప్రమాణాల కొలను కట్టుకున్నాం. కొలనుతో పని సగమే అవుతుంది, పక్కన నిలబడి చూసే కన్ను కావాలి. ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడు కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్. అతను ఆ సమయం నమోదు చేసింది 2021లో రోమ్‌లో. దేశంలో పోటీ ఈత ఇంకా అంత లేత దశలో ఉంది. ఇప్పుడు పునాది ఎలా వేస్తామన్నది ముఖ్యం.

మన కోచ్‌లు ముందు కౌన్సిల్‌మన్‌ను చదవాలని నా సలహా. బెర్నౌలీ పాఠం దాటేయండి, ఫొటోల పేజీల దగ్గర ఆగండి. తర్వాత బౌమన్‌ను చదవండి, చదివాక మార్షాన్ పారిస్ పందేలు చూడండి. కౌన్సిల్‌మన్ కాలంలో నీటి అడుగున చిత్రించడానికి విశ్వవిద్యాలయం కావాల్సి వచ్చింది. ఇప్పుడు నీళ్లు చొరబడని తొడుగు వేసిన ఒక ఫోను చాలు. పిల్లను ఈదించి, అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి, తన చెయ్యి నీళ్లలో ఏం చేస్తోందో తనకే చూపించండి. తల్లిదండ్రులకూ ఒక మాట. రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఈదిస్తున్నారని కోచ్‌ను అడిగే ముందు, ఈ నెలలో మా పిల్ల బారలో ఏం మారిందని అడగండి. ఆయన దగ్గర జవాబుంటే పిల్లను అక్కడే ఉంచండి.